ఏరు రాకముందే ఏర్పాటు



నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల రైతులతో మాట్లాడేటప్పుడు విత్తనం గూర్చో, ఎరువు గూర్చో, పత్తిలో గులాబి పురుగు గూర్చో చెప్పడం మాకు అలవాటు. ఈనాడు పైరు సంగతి కాస్త పక్కన పెట్టి ఇంట్లో మనిషి సంగతి ముచ్చటించుకొందాం. ఏరు పొంగి ఊరు ఖాళీ చేయవలసి వచ్చిన రోజున నడవలేనివారిని, చూపు లేనివారిని, చెవులు వినపడనివారిని, మంచం పట్టినవారిని ఎవరు తీసికొని రావాలి, ఎట్లా తీసికొని రావాలి, ఎంత ముందుగా బయలుదేరాలి అన్నదే నేటి విషయం. పూర్వం వికలాంగులు అనేవాళ్లం. నేడు ప్రభుత్వ కాగితాల్లో దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని వ్రాస్తున్నారు. ఏ పేరుతో పిలిచినా వారు మన ఊరివారే, మన ఇంటివారే.

ఇది వ్యవసాయశాఖ వారు చెప్పవలసిన మాటేనా అని ఎవరికైనా తోచవచ్చు. తప్పకుండా చెప్పవలసినదే. నూర్పిడి యంత్రంలో చేయి పోగొట్టుకొన్నవాడు, మోటారు దగ్గర కరెంటు తగిలి కాలు పడిపోయినవాడు, ట్రాక్టరు మీద నుంచి పడి నడుము విరిగినవాడు మన సేద్యంలో నుంచి వచ్చినవారే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది, అంటే నూటికి 2.21 వంతు. ఆ లెక్కన రెండు వేల జనాభా ఉన్న ఊరిలో నలభై నాలుగు మంది ఉంటారు. దీనికి మంచం పట్టిన వృద్ధులను, నెలలు నిండిన గర్భిణులను, పురిటి పసికందులను కలుపుకొంటే ప్రతి వీధిలోనూ ఇద్దరో ముగ్గురో తేలుతారు.

ఇక మన ఏళ్ల సంగతి చూద్దాం. నంద్యాల పట్టణంలో మద్దిలేరు, చామకాలువ. ఊరి పక్కన కుందూ నది. ఆళ్లగడ్డ వైపు వక్కిలేరు, అహోబిలం కొండల్లో నుంచి దిగే భవనాశి. వీటిలో చాలావాటికి ఎండాకాలంలో ఎద్దు తాగేటన్ని నీళ్లు కూడా ఉండవు. నల్లమలలో ఒక రాత్రి గట్టివాన కురిస్తే మాత్రం తెల్లవారేసరికి వంకలన్నీ ఏకమవుతాయి. 2019 సెప్టెంబరులో అదే జరిగింది. మహానంది క్షేత్రంలోకి నీరు వచ్చింది, వాగులు పొంగి దారులు తెగాయి, పైర్లు మునిగాయి. అంతకు పదేళ్ల క్రితం, 2009 అక్టోబరు 2న కర్నూలు పట్టణాన్ని తుంగభద్ర, హంద్రీ నీరు ముంచెత్తింది. శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 885 అడుగుల పూర్తి మట్టం దాటి నీరు 896 అడుగుల దాకా ఎక్కింది. ఎన్నడూ నీరు చూడని వీధుల్లో మిద్దెల మీదికి ఎక్కి జనం ప్రాణాలు కాపాడుకొన్నారు.

ఆ మాట దగ్గరే ఒక్కసారి ఆగుదాం. మిద్దె ఎక్కగలిగినవారు ఎక్కారు. మెట్లెక్కలేనివారి గతి ఏమిటి? పైగా మన పల్లెల్లో ఇప్పటికీ మట్టి మిద్దెలు ఉన్నాయి. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే మట్టి నాని, దూలాలు బరువు ఆపలేక కూలుతాయి. ఏటి నీరు ఊరిలోకి రాకపోయినా, పాత మట్టి మిద్దె కింద మంచంలో ఉన్న మనిషికి ప్రమాదం ప్రమాదమే. కనుక మన ప్రాంతంలో తరలింపు అంటే ఏటిగడ్డ ఊళ్ల సంగతి మాత్రమే కాదు. ముసురు పట్టిన ప్రతి ఊరి సంగతీ.

సోదరులారా, వాగు వస్తున్నదని తెలిస్తే రైతు మొదట ఏమి చేస్తాడు? దొడ్డిలోకి పోయి పశువుల పలుపులు విప్పుతాడు. ఎన్ని ఎద్దులు, ఎన్ని బర్రెలు, ఎన్ని దూడలు అన్నది చీకటిలోనూ లెక్క తప్పడు. ఈనిన బర్రెను ముందు తోలాలని, లేగదూడను ఎత్తుకొని పోవాలని ఎవరూ నేర్పనక్కరలేదు. మనుషుల విషయంలో ఆ లెక్క మన దగ్గర ఉన్నదా? ఊరంతా కలిసి మిట్ట మీదికి చేరిన తరువాత "ఫలానా ముసలాయన వచ్చినాడా?" అని ఒకరినొకరు అడుక్కోవడం, ఎవరో ఒకరు తెచ్చి ఉంటారులే అని అందరూ అనుకోవడం కద్దు. అందరి పని అనుకొన్నది ఎవరి పనీ కాకుండా పోతుంది. ఇక్కడే ప్రాణాలు పోతాయి.

కనుక ఈ ప్రసంగంలో నేను చెప్పదలచినది ఒక్కటే మాట. కదలడానికి ఎక్కువ సేపు పట్టే మనిషి అందరికంటె ముందు కదలాలి. అట్లా కదలాలంటే ఆ మనిషి పేరు, తీసికొని వచ్చేవారి పేరు, దారి, బండి, చేరే చోటు - ఇవన్నీ ఏరు రాకముందే, ఎండాకాలంలోనే కాగితం మీద ఉండాలి. వాన పడ్డాక విత్తనం కోసం అంగడికి పరుగెత్తేవాడికి పదును దక్కదు. ఇదీ అంతే.

మొదటిది పట్టీ తయారు చేయడం. దీనికి చట్టం బలం కూడా ఉన్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షను ప్రకారం విపత్తుల వేళ వికలాంగులకు అందరితో సమానంగా రక్షణ కల్పించాలి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ జిల్లాలోని వికలాంగుల వివరాలు నమోదు చేసి ఉంచాలి. ప్రమాదం వచ్చేటప్పుడు వారికి తెలిసేటట్లు తగు ఏర్పాటు చేయాలి. 2019లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇందుకు మార్గదర్శకాలు కూడా వెలువరించింది. అయితే జిల్లా కచేరీలో పట్టీ ఉన్నంత మాత్రాన రాత్రి రెండు గంటలకు మంచం ఎత్తే చేతులు రావు. ఊరి పట్టీ ఊరిలోనే ఉండాలి.

దీనికి కొత్తగా ఎక్కడికో పోనక్కరలేదు. ప్రతి నెలా ఇంటి దగ్గరకు వచ్చి పింఛను ఇచ్చే సచివాలయ సిబ్బందికి ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో తెలుసు. సదరం సర్టిఫికెట్టు ఉన్నవారి పేర్లు అక్కడే దొరుకుతాయి. ఆశా కార్యకర్తకు గర్భిణులు, క్షయ రోగులు, ఇన్సులిను వేసుకొనేవారు తెలుసు. అంగన్‌వాడీ టీచరుకు పసిపిల్లలు తెలుసు. డ్వాక్రా సంఘాల వారికి ఇంటింటి కష్టం తెలుసు. వీరిని ఒకపూట రచ్చకట్ట దగ్గర కూర్చోబెట్టండి, పట్టీ సిద్ధమవుతుంది.

కాని పింఛను పట్టీలో లేనివారిని మరువరాదు. సర్టిఫికెట్టు రానివారు ఉంటారు. నిన్న మొన్న కాలు విరిగి కట్టు కట్టించుకొన్నవారు ఉంటారు. వారానికి రెండు మూడు సార్లు డయాలిసిస్‌కు పోవలసినవారు ఉంటారు. దారి తెగితే వీరికి ఇల్లు మునగకపోయినా ప్రాణాపాయమే. పత్తి ఏరడానికి, మిరప కోయడానికి దూరపు ఊళ్ల నుంచి వచ్చి పొలాల్లో గుడిసెలు వేసికొన్న కూలీలు ఉంటారు. వారి పేర్లు మన ఊరి ఏ రిజిస్టరులోనూ ఉండవు. వారిని పనికి పిలిచిన రైతే వారి పేర్లు పట్టీలో వ్రాయించాలి. వారిలో నడవలేని ముసలివారు, చంటిబిడ్డ తల్లులు ఉన్నారేమో కనుక్కోవాలి.

ఒక హెచ్చరిక. ఈ పట్టీ గోడకు అంటించే కాగితం కాదు. ఏ ఇంట్లో ఒంటరి ఆడమనిషి ఉన్నదో, ఎవరికి ఏ జబ్బు ఉన్నదో ఊరంతా చదవనక్కరలేదు. ఆ మనిషి అనుమతితో, బాధ్యత గల ఇద్దరు ముగ్గురి దగ్గర మాత్రమే ఉంచండి.

రెండవది, ఆ మనిషినే అడగడం. మనలో ఒక అలవాటు ఉన్నది. కాలు లేనివాని పక్కన నిలబడి, అతని సంగతి అతని అన్నను అడుగుతాం. అది తప్పు. తన శరీరం సంగతి తనకు తెలిసినట్లు మరెవరికీ తెలియదు. "అవ్వా, ఏరు వస్తే నిన్ను ఎట్లా ఎత్తుకొని పోవాల? నడుము పట్టుకోవచ్చా? కుర్చీలో కూర్చోగలవా, పడుకోబెట్టాల్నా?" అని ముందే అడిగితే ఆమెయే చెబుతుంది. కొందరు "నా కోసం మీరెందుకు చిక్కుకోవాల, నన్ను వదిలి పొండి" అంటారు. వారు తమను బరువు అనుకొంటున్నారన్నమాట. ఆ మాటను అంగీకారంగా తీసికోకండి. మీ పేరు పట్టీలో మొదట ఉన్నది, మీరు కదిలితేనే ఊరు కదులుతుంది అని చెప్పండి. మరికొందరు తమ రెండు మేకలను వదిలి రానంటారు. ఆ మేకలే వారి బ్రతుకుదెరువు. మేకలను ఎవరు తోలుకొస్తారో కూడా వ్రాయండి, అప్పుడు వారు కదులుతారు.

మూడవది, ఒక్కొక్కరికి ఇద్దరు తోడు. ఒకరు పక్క ఇంటివారు, రెండవవారు వేరే ఇంటివారు. ఇద్దరూ ఒకే ఇంటివారైతే పెండ్లికి పోయిననాడు ఇద్దరూ ఉండరు. పగలు నంద్యాలకు పనికి పోయేవారైతే పగటి వరదకు పనికిరారు. ఆడవారికి తోడుగా కనీసం ఒక ఆడమనిషి ఉండాలి.

నాలుగవది, వేళ లెక్క. విత్తన మోతాదు లెక్క కట్టినట్లే దీన్నీ కట్టాలి. ఉదాహరణకు ఒక ఊరిలో ఎత్తుకొని పోవలసినవారు పన్నెండుమంది అనుకొందాం. ఒకరిని నలుగురు మోసుకొని మిట్ట మీది బడికి చేర్చి తిరిగి రావడానికి అరగంట. ఒకే జట్టు ఉంటే ఆరు గంటలు పడుతుంది. హెచ్చరిక వచ్చిన మూడు గంటలకు నీరు వచ్చిందా, ఆరుగురు ఇళ్లలోనే ఉండిపోతారు. నాలుగు జట్లు ఉంటే గంటన్నరలో అందరూ చేరుతారు. అంటే పదహారుమంది కావాలి. ఆ పదహారు పేర్లు ముందే వ్రాసి ఉండాలి. మీ ఊరి అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క మాత్రం ఇదే. హెచ్చరిక వచ్చిన వేళ నుంచి నీరు వచ్చే వేళ దాకా ఉన్న వ్యవధి కంటె మన పని తక్కువ వ్యవధిలో ముగియాలి. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెల్లవారే వేళ తెగినప్పుడు దిగువ పల్లెలకు ఎంత కొద్ది వ్యవధి చిక్కిందో మనకు తెలిసిందే. కనుక నారింజ రంగు హెచ్చరిక వచ్చిననాడే, పగటివేళ, ఈ పట్టీలోనివారిని కదిలించండి. ఎరుపు రంగు దాకా ఆగకండి. వాన రాకపోతే ఒక రాత్రి బడిలో పడుకొన్నట్లవుతుంది, అంతే కదా!

ఇక ఎవరిని ఎట్లా కదిలించాలో చెప్పుకొందాం.

చూపు లేనివారి చేయి పట్టి లాగకండి. మీ పేరు చెప్పి, మీ మోచేతి పైభాగం వారిని పట్టుకోనివ్వండి. మీరు అర అడుగు ముందు నడవండి. మెట్టు, గుంత, నీటి లోతు ముందుగా నోటితో చెబుతూ పొండి. చేతికర్ర ఇంట్లో వదలకండి.

వినపడనివారికి చాటింపు, సైరను, గుడి మైకు ఏవీ పనికిరావు. ఊరంతా పోయినా వారు నిద్రలోనే ఉంటారు. ఒక మనిషి ఇంటికి పోయి భుజం తట్టి లేపాలి. చీకట్లో టార్చి వెలుగు మీ ముఖం మీద వేసికొని, సైగ చేయాలి. నీరు, బడి, వెంటనే, ఆగు - ఈ నాలుగింటికి సైగలు ముందే వారితో కూర్చుని అనుకోవాలి. తోడు వచ్చేవారు వాటిని నేర్చుకోవాలి.

నడవలేనివారికి నులక మంచం మంచి సాధనం. నాలుగు కోళ్ల దగ్గర నలుగురు పట్టాలి, తల కాస్త ఎత్తుగా ఉండాలి, జారకుండా నడుము దగ్గర పంచెతో కట్టాలి. ఊపిరి ఆడనంత బిగువుగా కట్టరాదు. చేతులున్న గట్టి కుర్చీ అయినా సరే. చక్రాల కుర్చీ, మూడు చక్రాల బండి, ఊతకర్రలు, పెట్టుడు కాలు - ఇవి సామాను కాదు, వారి కాళ్లు. మనిషిని తెచ్చి వాటిని వదిలితే బడిలో కూడా ఆ మనిషి మంచం దిగలేడు.

బుద్ధిమాంద్యం ఉన్నవారు, మానసిక జబ్బు ఉన్నవారు కేకలకు, గుంపుకు బెదిరి పరుగెత్తవచ్చు, మూల దాగవచ్చు. బాగా తెలిసిన మనిషే పోవాలి. ఒక్కొక్క మాట నెమ్మదిగా చెప్పాలి. వారికి ఇష్టమైన దుప్పటో, వస్తువో చేతిలో ఉండనివ్వాలి. కట్టివేయడం, కొట్టడం ఎంతమాత్రం కూడదు.

ట్రాక్టరు ట్రాలీ ఉన్నది కదా అని పారే నీటిలోకి దింపకండి. అర అడుగు లోతు పారే నీరు మనిషిని పడగొడుతుంది. రెండు అడుగుల నీరు చాలా బండ్లను కొట్టుకుపోతుంది. ట్రాలీ నీరు రాకముందు పనికి వచ్చే సాధనం. గడ్డి పరచి, పైన బొంత వేసి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి, మెల్లగా తోలాలి. ఎవరి ట్రాక్టరు వస్తుందో, డ్రైవరు ఎవరో, ట్యాంకులో డీజిలు ఉంచే బాధ్యత ఎవరిదో అదీ వ్రాసి పెట్టాలి.

చేరే చోటును ఎండాకాలంలోనే పోయి చూడండి. బడికి వాలుబాట ఉన్నదా? చక్రాల కుర్చీ వాకిలి పట్టునా? మరుగుదొడ్డి ఎంత దూరం, లోపల పట్టుకొనడానికి కడ్డీ ఉన్నదా? తాళంచెవి రాత్రివేళ ఎవరి దగ్గర ఉంటుంది? వాలుబాట లేకపోతే నాపరాళ్లు మనకు కొదువ లేదు. గట్టిగా, జారకుండా, నిలువు తక్కువగా ఒక బాట వేయవచ్చు. మరుగుదొడ్డికి దగ్గరి గది వీరికే విడిచిపెట్టండి. మరుగుదొడ్డికి పోలేమన్న భయంతో నీళ్లు తాగడం మానేసేవారు ఉంటారు, ముఖ్యంగా ఆడవారు. భోజనానికి వరుసలో నిలబడలేనివారికి ఉన్నచోటికే తెచ్చి ఇవ్వండి. నమలలేనివారికి మెత్తని సంగటి, జావ ఉండాలి. మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడతాయి.

వానకాలం ఉన్నంతకాలం ఇంట్లో ఒక సంచి సిద్ధంగా వ్రేలాడాలి. అందులో వారం రోజుల మందులు, డాక్టరు చీటీ, సదరం సర్టిఫికెట్టు, ఆధారు, పింఛను కాగితాలు ప్లాస్టిక్కు కవరులో చుట్టి పెట్టండి. కళ్లజోడు, వినికిడి యంత్రం బ్యాటరీలు, టార్చి, ఒక జత బట్టలు, ఇద్దరి ఫోను నంబర్లు కాగితం మీద ఉండాలి. మూర్ఛకు, మానసిక జబ్బుకు వాడే మందులు ఒక్కరోజు కూడా ఆపరాదు. డయాలిసిస్ వారిని, నెలలు నిండినవారిని బడికి కాదు, దారి తెగకముందే ఆసుపత్రి ఉన్న ఊరికి పంపండి. అంబులెన్సుకు 108, అత్యవసర సహాయానికి 112, రాష్ట్ర విపత్తు కంట్రోలు రూముకు 1070, జిల్లా కంట్రోలు రూముకు 1077. ఫోను చేసేటప్పుడు "నడవలేని మనిషి ఉన్నాడు, ఎత్తడానికి నలుగురు కావాలి" అని మొదటి మాటలోనే చెప్పండి.

ఇంతా వ్రాసి బీరువాలో పెడితే ప్రయోజనం లేదు. 1906లో వెలసిన మన నంద్యాల పరిశోధన క్షేత్రం వారు ఏ వంగడాన్నయినా మడుల్లో వేసి చూడకుండా రైతుకు ఇవ్వరు. ఈ ఏర్పాటునూ అట్లే వేసి చూడాలి. తొలకరికి ముందు ఒక ఆదివారం ఉత్తుత్తి చాటింపు వేసి, పట్టీలోని వారిని నిజంగా మోసుకొని బడి దాకా పోయి రండి. మంచం సందు మలుపు తిరగదని, ఫలానావాడు ఆ బరువు మోయలేడని, బడి తాళం దొరకదని అప్పుడే తెలుస్తుంది. తెలిసింది దిద్దుకోండి. ఏ వికలాంగుడినీ వద్దన్నా మోయకండి. ఆ రోజు తప్పు పట్టే హక్కు మొదట వారిదే, వారి మాట వ్రాసికోండి.

ఈ పని మన దేశంలోనే కాదు, ముందంజ వేసిన దేశాల్లోనూ కష్టపడి నేర్చుకొన్నదే. 2011 మార్చి 11న జపానులో భూకంపం, సముద్రపు పోటు వచ్చినప్పుడు, దెబ్బతిన్న ప్రాంతాల్లో వికలాంగుల మరణాల రేటు మిగతావారి కంటె దాదాపు రెండింతలని లెక్క తేలింది. యంత్రాలకు, హెచ్చరికలకు ఆ దేశంలో లోటు లేదు. ఇంటికి వచ్చి చేయి అందించే మనిషి ఎవరో ముందే తేలకపోవడమే పెద్ద లోటు. అందుకని 2013లో సహాయం కావలసినవారి పట్టీ ప్రతి ఊరూ పెట్టాలని చట్టం సవరించారు. 2021లో ఒక్కొక్క మనిషికీ వేర్వేరు తరలింపు ఏర్పాటు వ్రాయడానికి స్థానిక సంస్థలు పూనుకోవాలన్నారు. మనం పై చెప్పుకొన్నది సరిగ్గా అదే.

తోటి ఉద్యోగులకు ఒక మనవి. మన రైతు సేవా కేంద్రంలో వానకాలపు విత్తనాల కోసం రైతులు చేరిననాడు పావుగంట ఈ మాటకు కేటాయించండి. పంట నష్టం వ్రాయడానికి వరద తరువాత ఎట్లాగూ ఊరికి పోతాము. వరదకు ముందు ఒకసారి పోయి, మనిషి నష్టం వ్రాయవలసిన అవసరం రాకుండా చేద్దాం.

రైతు సోదరులారా, మునిగిన వరి మళ్లీ నాటవచ్చు. కూలిన మిద్దె మళ్లీ కట్టవచ్చు. ఈ వారంలోనే మీ వీధిలో ఎత్తుకొని పోవలసినవారు ఎందరో లెక్కపెట్టండి. ఒక్కొక్క పేరు ఎదుట ఇద్దరి పేర్లు వ్రాయండి. అందులో ఒకటి మీ పేరే కావాలి.